గుల్లలకు పేర్లు పెట్టిన కాలం

భారతదేశంలో నేల మీద బతికే నత్తలు, గుల్ల లేని నత్తలు కలిపి సుమారు 1,100 జాతులు. చెరువుల్లో, కాలువల్లో, నదుల్లో, కొండ వాగుల్లో ఉండే నత్తలూ ఆల్చిప్పలూ మరో రెండు వందల పైచిలుకు. సముద్రపు శంఖాలు, గవ్వలు ఈ లెక్కలోకి రావు. ఎముక లేని మెత్తని ఒళ్ళు, చాలావాటికి దాన్ని కప్పే సున్నపు గుల్ల ఉన్న ఈ జీవులన్నింటినీ శాస్త్రం మొలస్కా అనే ఒకే వర్గంలో చేర్చింది. తెలుగులో వీటికి ఉన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: నత్త, గుల్ల, నత్తగుల్ల, చిప్ప, ఆల్చిప్ప. 1,300 జాతులూ ఈ నాలుగైదు మాటల్లోనే సర్దుకున్నాయి. తక్కినవన్నీ లాటిన్ పేర్లు. వాటిలో చాలావాటిని పెట్టినవాళ్ళు కలెక్టరు కచేరీలోనో, సర్వే శాఖలోనో, అడవి శాఖలోనో జీతానికి పనిచేస్తూ తీరిక దొరికినప్పుడు గుల్లలు ఏరుకున్నవాళ్ళు.

నత్తకు బతకడానికి రెండు కావాలి, తేమా సున్నమూ. గుల్ల పెరగాలంటే తినే ఆకులోనో, పాకే రాతిలోనో సున్నం దొరకాలి. ఒళ్ళు ఎండకుండా ఉండాలంటే గాలిలో చెమ్మ ఉండాలి. ఆ రెండూ సమృద్ధిగా ఉన్నచోట జాతులు గుంపులుగా పుట్టుకొచ్చాయి. దేశం మొత్తంలో పడమటి కనుమలు, మేఘాలయ నుంచి అరుణాచల్ దాకా ఉన్న ఈశాన్యపు కొండలు ఇందుకే నత్తలకు పుట్టిళ్ళు. పడమటి కనుమల్లోనే 250కి పైగా నేల నత్తల జాతులున్నాయి, వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నత్త దూరం పోలేదు. ఒక కొండకూ పక్క కొండకూ నడుమ ఎండిన లోయ అడ్డం వస్తే చాలు, లక్షల ఏళ్ళలో రెండు కొండల మీదా రెండు జాతులు తయారవుతాయి. నత్తనడక అని తెలుగువాళ్ళు తేలిగ్గా అనే మాటలోనే ఇన్ని జాతులు పుట్టిన కారణం కొంత దాగి ఉంది.

శాస్త్రం రాకముందు కూడా ఈ జీవులు మనుషులకు కొత్త కాదు. కోస్తా జిల్లాల్లో గుల్ల సున్నం చాలా కాలం ఇళ్ళనూ గుళ్ళనూ నిలబెట్టింది. పాయల్లో, చెరువుల్లో, కయ్యల్లో ఏరిన గుల్లల్ని కడిగి ఎండబెట్టి, బట్టీలో ఒక వరుస బొగ్గు, ఒక వరుస గుల్ల చొప్పున పేర్చి కాల్చేవారు. కాలిన గుల్ల చూడ్డానికి అలాగే ఉంటుంది, చేతికి మాత్రం తేలిగ్గా, పొడిపొడిగా తగులుతుంది. దాని మీద నీళ్ళు చల్లితే బుసబుసమని పొగలు కక్కుతూ విచ్చి, తెల్లని పిండిగా రాలిపోతుంది. గానుగలో ఇసుకతో కలిపి తిప్పితే కట్టుబడికి, వస్త్రకాయితం పట్టి మెత్తగా తీస్తే తమలపాకుకు. రాతి సున్నంలో మట్టీ మలినమూ కలిసి వస్తాయి. గుల్ల దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేటే కాబట్టి దాని సున్నం తెలుపు వేరు. తాంబూలానికి గుల్ల సున్నమే కావాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడంలో రుచితో పాటు ఈ సంగతీ ఉంది.

చెరువు ఆల్చిప్ప ఇంకా దగ్గరి చుట్టం. ఆవకాయ రోజుల్లో పచ్చి మామిడికాయ చెక్కు తీయడానికి కత్తిపీట కన్నా ఆల్చిప్ప మేలని చాలా ఇళ్ళలో నమ్మకం. చిప్ప ఉబ్బెత్తు భాగాన్ని గరుకు రాతి మీద అరగదీస్తారు. పొరలు పొరలుగా అరిగి, చివరికి నడుమ చిన్న కన్నం పడుతుంది. ఆ కన్నం అంచు బ్లేడులా ఉంటుంది. చిప్ప లోపలి వైపు మెరుపు అరచేతిలో, వెలుపలి వైపు కాయ మీద పెట్టి లాగితే, పలుచని చెక్కు కన్నంలోంచి చుట్టలు చుట్టుకుంటూ పైకి వస్తుంది. కండ వృథా కాదు, పులుపుకు ఇనుము నల్లబడే బాధా లేదు. చంటిపిల్లలకు పాలు పట్టడానికీ ఇదే చిప్ప. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నత్తలు కూరకూ పనికొచ్చాయి. వానల తర్వాత కాలువల్లో, వరి చేలల్లో దొరికే వాటిని ఉడకబెట్టి, గుల్ల తీసి, ఉప్పుతో బాగా కడిగి వండుతారు. బెంగాల్, అస్సాం, మణిపూర్, ఝార్ఖండ్‌లలో కూడా చెరువు నత్త పేదల ఇళ్ళలో మాంసం లోటు తీర్చిన ఆహారమే.

ముత్యపు చిప్పలన్నీ ఒక రేవు, నత్తగుల్లలన్నీ ఒక రేవు అన్న సామెత నత్తను తక్కువ కులంలో నిలబెట్టింది. నిజానికి ఊరి చెరువులో దొరికే ఆల్చిప్పకూ ముత్యం పట్టే గుణం ఉంది. చిప్ప లోపలి పొరలో ఇసుక నలుసో, పురుగో చిక్కుకుంటే దాని చుట్టూ ముత్యపు పదార్థం పొరలుగా పేరుకుంటుంది. స్వాతి చినుకుతో దీనికి సంబంధం లేదు. బెంగాల్ నదుల చిప్పల్లో దొరికే గులాబి ఛాయ ముత్యాలకు ఒకప్పుడు మంచి బేరం ఉండేది. 20వ శతాబ్ది తొలి ఏళ్ళ నుంచి బిహార్‌లో చంపారన్ ప్రాంతపు మెహసీ అనే ఊళ్ళో నది చిప్పలను కోసి చొక్కా బొత్తాలు చేసే పరిశ్రమ సాగింది. ప్లాస్టిక్ బొత్తం వచ్చాక అది చిక్కిపోయింది. 1980ల చివర్లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే మామూలు చెరువు ఆల్చిప్పలో చిన్న పూసను పొదిగి ముత్యం పండించే పద్ధతిని రూపొందించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1819లో ఆ చిప్పకు పేరు పెట్టిన నాటికి దాని విలువ సున్నపు బట్టీ విలువే.

ఈ నేలలో మంచినీటి నత్తల వయసు మనుషుల ఊహకు అందనిది. ఆరున్నర కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో దక్కన్ మీద లావా వరదలు పారాయి. ఒక వరదకూ మరో వరదకూ నడుమ వేల ఏళ్ళ విరామాలు వచ్చాయి. ఆ విరామాల్లో చల్లారిన లావా మీద చెరువులు ఏర్పడ్డాయి, వాటిలో నత్తలు పెరిగాయి, తర్వాతి లావా వచ్చి ఆ చెరువును బురదతో సహా కప్పేసింది. మద్రాసు సర్వీసులోని వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ నాగపూర్–హైదరాబాదు దారిలో తిరుగుతూ ఈ రాళ్ళలో గుల్లల్ని గమనించాడు. ఆయన సిచెల్ కొండలని రాసినవి ఇప్పటి నిర్మల్ గుట్టలే. 1840లో అచ్చయిన ఆయన వ్యాసంతో పాటు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ డి కార్ల్ సోవర్బీ ఆ గుల్లల్ని వర్ణించి, వాటిలో పెద్దదానికి ఫైసా ప్రిన్సెపీ అని పేరు పెట్టాడు. బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ గౌరవార్థం పెట్టిన పేరది. అశోకుడి శాసనాలకు నోరిచ్చిన మనిషి పేరు ఆదిలాబాదు అడవుల రాతి నత్తకు దక్కడం తెలుగు పాఠకులకు మరింత తెలియవలసిన సంగతి.

నాగపూర్‌లో ఉన్న స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఆ పని కొనసాగించి 1860లో పెద్ద వ్యాసం అచ్చువేశాడు. అందులో రాజమండ్రి గుల్లలకూ చోటు దొరికింది. గోదావరికి ఒక ఒడ్డున కాతేరు, మరో ఒడ్డున పంగిడి దగ్గర లావా పొరల నడుమ సున్నపు రాయి ఉంది. అందులో మంచినీటి నత్తలే కాక నదీముఖపు ఉప్పునీటి గుల్లలు కూడా కనిపిస్తాయి. పడమటి వైపు పుట్టిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి సముద్రం అంచుకు చేరిందనడానికి, ఆ అంచు అప్పట్లో ఇక్కడే ఉందనడానికి ఆ గుల్లలు సాక్ష్యం. సున్నం కోసం తవ్విన గనులే ఈ చరిత్రను బయటపెట్టాయి. ప్రిన్సెప్ పేరున్న నత్త గుల్ల ఎడమవైపు చుట్టుకుంటుంది. అలాంటి చుట్టుతోనే ఇప్పుడు మన మురుగు కాలువల్లో కనిపించే ఫైసా అక్యూటా అనే చిన్న నత్త మాత్రం దీని సంతతి కాదు. అది ఉత్తర అమెరికా నుంచి వచ్చిన పరదేశి.

ఇక్కడ చుట్టు గురించి ఒక మాట చెప్పుకోవాలి. గుల్ల మొన పైకి పెట్టి, నోరు చూసేవాడి వైపు తిప్పితే, నోరు కుడిపక్కన ఉంటే కుడి చుట్టు, ఎడమపక్కన ఉంటే ఎడమ చుట్టు అంటారు గుల్లల శాస్త్రజ్ఞులు. నత్తల్లో కుడి చుట్టే ఎక్కువ. పూజగదుల్లో అపురూపంగా దాచుకునే దక్షిణావర్త శంఖం శాస్త్రజ్ఞుల లెక్కలో ఎడమ చుట్టు శంఖం. లక్షల్లో ఒకటి అలా పుడుతుంది కాబట్టే దానికంత విలువ. ముంబై, కొంకణ్ తోటల్లో తిరిగే అరియోఫాంటా లేవిపెస్ అనే నేల నత్తకు మాత్రం ఎడమ చుట్టే పుట్టుక గుణం. వాన పడితే గోడల మీద అలాంటివి బోలెడు పాకుతాయి.

ఈ దేశపు నత్తల శాస్త్రీయ నామకరణంలో తొలి అడుగుల్లో ఒకటి తెలుగు, తమిళ తీరంలోనే పడింది. డెన్మార్క్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఓ. ఎఫ్. మ్యూలర్ 1774లో అచ్చువేసిన గ్రంథంలో కోరమండల్ తీరం నుంచి వచ్చిన సన్నని, పొడుగాటి నత్త ఒకటి ఉంది. ఆ తీరం మీది తరంగంబాడి అప్పట్లో డేన్ల స్థావరం. ఇప్పుడు మెలనాయిడెస్ ట్యుబర్‌కులాటా అని పిలిచే ఆ నత్త మన చెరువుల బురదలో, కాలువ గట్లలో కోట్లలో ఉంటుంది. బూడిద రంగు గుల్ల, దాని మీద ఎర్రటి చారలు, వేలి కణుపంత పొడవు. ఈ జాతిలో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండా పిల్లల్ని కంటాయి, గుడ్లు తల లోపలి సంచిలోనే పొదిగి బుల్లి నత్తలుగా బయటికి వస్తాయి. ఒక్క నత్త చేరితే చాలు, చెరువు నిండుతుంది. నీటి మొక్కలతో, అక్వేరియం చేపలతో ప్రయాణం చేసి ఇది అమెరికా ఖండాల దాకా పాకింది.

తరవాతి పేరు విలియం హెన్రీ బెన్సన్‌ది. 1803లో పుట్టిన ఈయన బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి. ఉత్తర భారతంలో బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ నత్తల్ని ఏరాడు, సైన్యంలోని మిత్రులు పంపిన వాటిని వర్ణించాడు. భారత, సింహళ, బర్మా నత్తల్లో వందల జాతులకు తొలి వర్ణన ఈయనదే. నెల్లూరులో వైద్యుడిగా ఉంటూ పక్షుల్ని, చీమల్ని పరిశీలించిన టి. సి. జెర్డాన్ పేరు దక్షిణాది నత్త సైక్లోఫోరస్ జెర్డానీకి పెట్టింది ఈయనే. బెన్సన్‌కు బతికున్న నత్త అలవాట్ల మీద ఆసక్తి ఉండేది. ఆ కాలంలో అది అరుదైన గుణం. ఎక్కువమంది గుల్లనే చూశారు, లోపలి ప్రాణిని పారబోశారు.

అదే ఆసక్తి ఒక పెద్ద తప్పుకు దారి తీసింది. 1847లో మారిషస్ నుంచి వస్తూ ఆయన ఆఫ్రికా రాక్షస నత్తల్ని ప్రాణంతో తెచ్చి కలకత్తాలో మిత్రుడికి ఇచ్చాడు. అవి చౌరంగీ తోటల్లోకి చేరాయి. తూర్పు ఆఫ్రికాలో పుట్టిన ఈ నత్త అరచేతి పొడవు పెరుగుతుంది, ఒక్కో కాన్పులో వందల గుడ్లు పెడుతుంది, రాత్రి పూట బొప్పాయి, అరటి, కూర మళ్ళు, పూల మొక్కలు ఒకటేమిటి, అందినదల్లా గీకి తింటుంది. గుల్లకు సున్నం చాలకపోతే ఇళ్ళ గోడలకు వేసిన వెల్లను కూడా నాకుతుంది. దశాబ్దాల పాటు బెంగాల్‌లో ఉండి, తర్వాత మొక్కల కుండీలతో, కలప లారీలతో దేశమంతా తిరిగింది. అండమాన్ దీవుల్లోకి రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణ కాలంలో వచ్చింది. కేరళ గ్రామాల్లో వానాకాలం వస్తే దీన్ని బకెట్లతో ఏరి ఉప్పునీళ్ళలో వేస్తారు. కోస్తాంధ్ర తోటల్లోనూ దీని బాధ మొదలైంది. ఈ దేశపు నత్తల్ని అందరికన్నా శ్రద్ధగా గమనించిన మనిషి చేతి మీదుగానే వాటికి ఇంత గట్టి పోటీదారు రావడం విచారకరం. ఒక జీవిని పుట్టిన చోటు నుంచి కదిపితే ఏమవుతుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు.

బెన్సన్ తరవాతి తరం భూగర్భ సర్వే శాఖ నుంచి వచ్చింది. విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అన్నదమ్ములు 1855లో ఆ శాఖలో చేరారు. హెన్రీ తర్వాత భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి అయ్యాడు. రాళ్ళ పటాలు గీయడానికి కొండలెక్కినవాళ్ళకు నత్తలు ఎదురు కావడం సహజం, సున్నపు రాయి ఉన్నచోటనే అవీ ఉంటాయి. ఇద్దరూ కలిసి 1860 నుంచి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో భారతీయ నత్తల మీద వరుసగా వ్యాసాలు రాశారు. విలియం గుర్తించిన వాటిలో అన్నిటికన్నా విశేషమైనది క్రెమ్నోకాంకస్. ఇది సముద్రపు ఒడ్డు రాళ్ళ మీద అతుక్కుని బతికే నత్తల కుటుంబానికి చెందింది. అలల తడి తప్ప మంచినీరు ఎరగని కుటుంబం అది. దాని శాఖ ఒకటి పుణె వైపు సహ్యాద్రి కొండల మీద, సముద్రానికి దూరంగా, జలపాతాల తుంపర తగిలే నిట్టనిలువు రాళ్ళ మీద కాపురం పెట్టింది. అలకు బదులు తుంపర, ఒడ్డు రాయికి బదులు కొండ రాయి. ప్రపంచంలో ఆ కుటుంబానికి మంచినీటి శాఖ ఇదొక్కటే. 2013లో కర్ణాటక కనుమల్లో ఇందులో మరో ఆరు కొత్త జాతులు తేలాయి. అంటే బ్లాన్‌ఫర్డ్ చూసినది ఒక పెద్ద వంశంలో కొసలు మాత్రమే.

ఈశాన్యానికి హెన్రీ హావర్‌షామ్ గాడ్విన్-ఆస్టెన్ వెళ్ళాడు. కారకోరంలో కె2 పర్వతానికి కొన్నాళ్ళు ఈయన పేరే ఉండేది. సర్వే గొలుసుతో ఖాసీ, నాగా, దఫ్లా కొండలన్నీ నడిచిన ఈ అధికారి 1882 నుంచి 1920 దాకా భాగాలు భాగాలుగా భారత నత్తల మీద ఒక మహాగ్రంథం తెచ్చాడు. ఈయన పనిలో గొప్పతనం కోతలో ఉంది. ఒకేలా కనిపించే రెండు గుల్లల లోపలి ప్రాణుల్ని కోసి, నాలుక మీది పళ్ళ వరసలు, జననాంగాలు పోల్చి, అవి చుట్టాలో కాదో తేల్చాడు. గుల్ల అబద్ధం చెప్పగలదు, దేహం చెప్పదు అన్న పాఠాన్ని భారత నత్తల విషయంలో స్థిరపరచింది ఆయనే.

ఖాసీ కొండల సున్నపు రాళ్ళలో బుల్లి నత్తలున్నాయి. ఆలికేయస్ వాటిలో ఒకటి. ఎండాకాలంలో నీరు ఆవిరైపోకుండా ఇది గుల్లలోకి ముడుచుకుని గట్టి మూతతో నోరు మూసుకుంటుంది. మూత పడ్డాక గాలి ఎలా? గుల్ల వెలుపల, చుట్ల సందున, వెంట్రుకంత సన్నని గొట్టం ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ గొట్టం గుల్ల లోపలికి తెరుచుకుని ఉంటుంది. తలుపు మూసుకున్నా ఊపిరికి దారి ఉండేలా కట్టుకున్న ఇల్లది. కంటికి ఆనని ఈ గొట్టాన్ని 19వ శతాబ్దిలో చేతి భూతద్దంతో గమనించారంటే వాళ్ళ ఓపికను మెచ్చుకోవాలి.

దక్షిణాన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల శాఖకు 1860 నుంచి 1882 దాకా అధిపతి. ఫెర్న్ మొక్కలు, పాములు, బల్లులతో పాటు నత్తల్నీ సేకరించి 1875లో దక్షిణ భారత, సింహళ మూత నత్తల మీద వ్యాసం రాశాడు. పడమటి కనుమల చెట్ల మీద తిరిగే ఒక నత్తల ప్రజాతికి బెడ్డోమియా అని పేరు. ఈయన రాతల్లో కనిపించే ‘గోల్కొండ కొండలు’ హైదరాబాదు కోట కాదు, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని తూర్పు కనుమలు. అక్కడ ఆయన పట్టిన పాములూ బల్లులూ ప్రసిద్ధి పొందాయి. తూర్పు కనుమల నత్తలు మాత్రం పడమటి కనుమల వాటికి దక్కిన శ్రద్ధలో పదో వంతు కూడా పొందలేదు. పాపికొండలు, నల్లమల, అరకు లోయ బొర్రా గుహల సున్నపు రాళ్ళు ఇంకా ఒక గాడ్విన్-ఆస్టెన్ కోసం ఎదురు చూస్తూనే ఉన్నాయి.

ఈ సేకరణలన్నీ ఒడ్డు దాటిపోయాయి. బెన్సన్ గుల్లలు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు మ్యూజియంలో, బ్లాన్‌ఫర్డ్, బెడ్డోమ్, గాడ్విన్-ఆస్టెన్‌ల సేకరణల్లో ముఖ్యభాగం లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చేరాయి. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో జెఫ్రీ నెవిల్ 1878లో జాబితా చేసిన సేకరణ మిగిలింది. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన గుల్లే ఆ పేరుకు దస్తావేజు. నీలగిరిలోనో, చిరపుంజిలోనో దొరికిన నత్త ఫలానాదే అని తేల్చాలంటే భారతీయ విద్యార్థి వంద ఏళ్ళుగా ఇంగ్లండు సొరుగులకే రాసుకోవలసి వచ్చింది. ఊరి భూమి పత్రాలు పరాయి ఊళ్ళో ఉండిపోయినట్టు.

ఆ శతాబ్దపు పనంతా ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో నాలుగు సంపుటాలుగా గట్టు చేరింది. బ్లాన్‌ఫర్డ్ మొదలుపెట్టి 1905లో చనిపోగా గాడ్విన్-ఆస్టెన్ ముగించినది 1908లో, జి. కె. గూడ్ నేల నత్తల సంపుటాలు 1914లో, 1921లో, హెచ్. బి. ప్రెస్టన్ మంచినీటి సంపుటం 1915లో వచ్చాయి. ప్రెస్టన్ లండన్‌లో గుల్లల వ్యాపారి. ఆయన సంపుటంలో జాతులు అవసరానికి మించి చీలిపోయాయి. చెరువు మారినప్పుడల్లా గుల్ల ఆకారం కొంత మారుతుందన్న సంగతి బల్ల ముందు కూర్చుని గుల్లలు చూసేవాడికి తెలిసే అవకాశం తక్కువ.

తప్పులు దిద్దే పని ఇక్కడి నీళ్ళలో దిగినవాళ్ళకు పడింది. 1916 జూలై 1న ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్. చిల్కా సరస్సు నుంచి మణిపూర్ లోక్‌తక్ దాకా తిరిగి నత్తల్ని బతికున్న చోటనే చూశాడు. ఆయన శిష్యుడు బైనీ ప్రసాద్ తర్వాత అదే సంస్థకు డైరెక్టర్ అయ్యాడు. పైలా అనే పెద్ద చెరువు నత్త మీద ప్రసాద్ రాసిన పుస్తకంతోనే దేశంలో తరతరాల జువాలజీ విద్యార్థులు తొలిసారి నత్తను కోశారు.

ఆ పైలా తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన నత్తే. దక్షిణాదిన ఉండేది పైలా వైరెన్స్, పచ్చటి గుల్ల, నిమ్మకాయంత. దీనికి ఒక పక్క చేపకున్నట్టు మొప్ప, మరో పక్క ఊపిరితిత్తి. నీటిలో ఉన్నప్పుడు మొప్పతో, నీరు కుళ్ళినప్పుడు పైకి తేలి గొట్టంలాంటి తొండంతో గాలి పీలుస్తుంది. వేసవిలో చెరువు ఇంకిపోతుంటే బురదలోకి దిగి, మూత బిగించుకుని, నెలల తరబడి కదలకుండా పడుంటుంది. పైన బురద నెర్రెలు విచ్చి పెంకులా గట్టిపడుతుంది. తొలకరికి చెరువులో అడుగు లోతు నీళ్ళు చేరగానే మూత సడలించుకుని పైకి వస్తుంది, గట్టు మీద తడి మట్టిలో తెల్లని గుడ్లు కుప్పగా పెడుతుంది. నిన్న ఎండి ఉన్న చెరువులో ఇన్ని నత్తలు ఎక్కడివని పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు వాళ్ళ కాళ్ళ కిందే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం మంచినీటి నత్తల చదువుకు అనుకోని తొందర తెచ్చింది. ఈజిప్టు, మెసపొటేమియాల నుంచి తిరిగి వచ్చే సిపాయిలతో బిల్‌హార్జియా రోగం దేశంలో అడుగుపెడుతుందన్న భయం పుట్టింది. ఆ రోగం పురుగు కొన్ని రకాల నత్తల ఒంట్లో పెరిగితే తప్ప మనిషికి సోకదు. ఏ నత్తలో ఏ పురుగు ఉందో తేల్చడానికి సర్వే శాస్త్రజ్ఞులు చెరువులు జల్లెడ పట్టారు. వాళ్ళలో ఒకడైన సేమూర్ సూయెల్ 1922లో ఆ పురుగు పిల్లల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. మనుషుల బిల్‌హార్జియా ఇక్కడ వేరూనలేదు. 1952లో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గింవీ గ్రామంలో మాత్రం కొన్ని కేసులు బయటపడి, ఫెరిస్సియా అనే మినపగింజంత నత్త మీద అనుమానం నిలిచింది.

పశువుల సంగతి అలా కాదు. మద్రాసు వెటర్నరీ కాలేజీలో ఎం. అనంత్ నారాయణ్ రావు 1933లో ఎద్దుల, ఆవుల ముక్కు రక్తనాళాల్లో ఉండే ఒక పురుగును వర్ణించారు. ముక్కులో కాయలు కట్టి, పశువు నిద్రలోనూ మెలకువలోనూ గురక పెడుతుంది. ఆ పురుగును మోసేది ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్, చక్రంలా చుట్టుకున్న గోధుమ రంగు చెరువు నత్త. గొర్రెల్ని, గేదెల్ని పీల్చేసే కార్జపు జలగను మోసేవి లిమ్నియా ప్రజాతి పలుచని నత్తలు. పశువును చెరువు గట్టు గడ్డి మీద మేపితే జలగ జబ్బు వస్తుందని కాపరులకు అనుభవం మీద తెలుసు. గడ్డికీ జబ్బుకూ నడుమ ఉన్న నత్తను శాస్త్రం చూపించింది.

ఆల్చిప్పల చరిత్రలో ఒక ఘట్టం ప్రత్యేకం. 1898లో లండన్ మ్యూజియంకు చెందిన ఇ. ఎ. స్మిత్ కర్ణాటక భద్రా నది ప్రాంతం నుంచి వచ్చిన ఒక వింత చిప్పను వర్ణించాడు. మామూలు ఆల్చిప్ప బురదలో నిలబడి కదులుతుంది. ఇది సముద్రపు ఆయిస్టరు లాగా జీవితాంతం రాతికి సిమెంటు వేసినట్టు అతుక్కుని ఉంటుంది. ఇలా రాతికి అతికే మంచినీటి చిప్పలు అప్పటికి ఆఫ్రికాలో, దక్షిణ అమెరికా కొలంబియాలో మాత్రమే తెలుసు. మూడు ఖండాలూ ఒకటిగా ఉన్న గోండ్వానా కాలపు చుట్టరికం అని చాలామంది నమ్మారు. ఇటీవలి జన్యు పరిశీలనలు ఈ చిప్పను ఇక్కడి మామూలు ఆల్చిప్పలకే దగ్గర చేశాయి. అంటే ఉరవడి వాగులో కొట్టుకుపోకుండా రాతిని కరిచిపట్టుకునే విద్యను ఇది సొంతంగా నేర్చినట్టే. సూడోముల్లేరియా డాలీ అని పిలిచే ఈ జాతి చాలా కాలం కనపడక, తుంగ, భద్ర ఎగువ పాయల్లో మళ్ళీ దొరికింది.

ఆల్చిప్పకు చేప కావాలి. దాని పిల్లలు ఆవగింజలో వందో వంతు ఉంటాయి, కొన్ని వారాలు చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని పెరిగి, తర్వాత అడుగుకు రాలి సొంత బతుకు మొదలుపెడతాయి. ఆనకట్ట కట్టి చేప పైకి ఎక్కకుండా చేస్తే ఎగువ ఆల్చిప్పలు పిల్లలు లేకుండా ముసలివైపోతాయి. ఇసుక తవ్వకం ఉన్న ఇంటినే ఎత్తుకుపోతుంది. నది ఒడ్డున పెద్ద చిప్పలు కనబడుతున్నాయి కదా అని జాతి క్షేమంగా ఉందనుకోవడానికి లేదు.

స్వాతంత్ర్యం తర్వాత నత్తల పని మళ్ళీ సన్నగా సాగింది. 1989లో జువలాజికల్ సర్వేకు చెందిన ఎన్. వి. సుబ్బారావు భారత మంచినీటి మొలస్కా మీద ఒక చేతిపుస్తకం తెచ్చారు. ప్రెస్టన్ సంపుటం తర్వాత దేశం మొత్తానికి అలాంటిది అదే తొలిసారి. 74 ఏళ్ళ ఖాళీని పూడ్చిన పుస్తకం. ఈనాటికీ చెరువు నత్తను గుర్తుపట్టాల్సిన మత్స్యశాఖ ఉద్యోగి, పశువైద్యుడు, పరిశోధక విద్యార్థి అందరూ తెరిచేది దాన్నే. నేల నత్తలకు అంత అదృష్టం లేదు. 1908, 1914, 1921 సంపుటాల్లో ఉన్న చాలా జాతులు ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. ఒకసారి, ఒకచోట, ఒక గుల్ల. అంతే వాటి గురించి ఉన్న సమాచారం.

అలాంటి లోటు నడుమ కొన్ని జాతులకు జనం అభిమానం దక్కింది. పడమటి కనుమల వాన అడవుల్లో ఇండ్రెల్లా ఆంపులా అనే నత్త ఉంది. దాని ఒళ్ళు గుల్లలో పట్టదు. గుల్ల పలుచటి బుడగలాగా వీపు మీద ఉంటుంది, దేహం నిప్పు రంగు ఎరుపులోనో, పసుపులోనో, బూడిద రంగులోనో తడి ఆకుల మీద మెరుస్తూ పాకుతుంది. 1850లో బెన్సన్ పేరు పెట్టింది గుల్లను చూసే. ఆ రంగులు గుల్లలో ఉండవు కాబట్టి సొరుగులో ఉన్న నమూనా దాని అందంలో సగం కూడా చెప్పదు. ప్రపంచంలో ఈ ప్రజాతికి ఇదొక్కటే జాతి. కాఫీ తోటలకు పైన మిగిలిన అడవి ముక్కలే దాని దేశం.

బెన్సన్ 1851లో వర్ణించిన చిన్న నత్తల్లో చిరపుంజి దగ్గరి మాస్మయి లోయ నుంచి వచ్చిన జార్జిస్సా సరిట్టా ఒకటి. 2021లో అదే లోయలోని మాస్మయి గుహ లోపల, వెలుతురు సరిగా చేరని తడి సున్నపు రాతి మీద, పరిశోధకులు రెండు మిల్లీమీటర్ల పొడవు కూడా లేని ఒక నత్తను చూశారు. రోజూ వందల మంది సందర్శకులు భుజాలు రాసుకుంటూ నడిచే గుహ అది. ఆ నత్త కొత్త జాతి అని తేలి దానికి జార్జిస్సా మాస్మయెన్సిస్ అని పేరు పెట్టారు. బెన్సన్ నత్తకూ దీనికీ మధ్య 170 ఏళ్ళు, కొద్ది దూరపు కొండదారి.